తెగిపోయే గేమ్ కంట్రోలర్: తప్పు పిల్లవాడిదా, గదిదా?

(ట్రాయ్, మిషిగన్ నుంచి తెలుగు కమ్యూనిటీ రేడియో ప్రసంగ పాఠం)



ఈ మధ్య గుడిలో కనిపించినా, ఇండియన్ స్టోర్లో కనిపించినా, పిల్లల పుట్టినరోజు పార్టీలో కనిపించినా మనవాళ్ళు నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "ఏమండీ, మీరు రేడియో ఇంజనీరు కదా. మావాడికి కొత్తగా వచ్చిన గేమ్ కన్సోల్ కొనిపెట్టాం. ఆడుతుండగా కంట్రోలర్ కనెక్షన్ మాటిమాటికీ పోతోంది. పాడైందంటారా? ఇంకోటి కొనమంటారా?" అని. అడిగిన ప్రతివాళ్ళకీ పార్కింగ్ లాట్లో నిలబడి చెప్పేకంటే, ఒకసారి రేడియోలో చెప్పేస్తే నయమనిపించి ఈ వారం ఈ విషయం ఎత్తుకున్నాను.

పిల్లల ఆటబొమ్మ గురించి రేడియోలో ఇంతసేపు మాట్లాడాలా అని పెద్దవాళ్ళు అనుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఈ చిన్న యంత్రం మూలంగా మా ఇంట్లో ఒక పొరపాటు జరిగింది. చేసింది నేనే. అందుకని ముందు ఆ సంగతి కొంచెం చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను.

నేను ఉండేది ఇక్కడే, ట్రాయ్‌లో. కారు తలుపులు తెరిచే రిమోట్లకీ, అలాంటి వాటికీ యాంటెన్నాలు తయారుచేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. మా అమ్మ పోయాక మా నాన్నగారు తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చారు. వచ్చిన కొత్తలో సాయంత్రం పూట వీధి చివరిదాకా నడిచి వచ్చేవారు. నవంబరులో చలి ముదిరేసరికి అదీ పోయింది. ఇక రోజంతా కిటికీ దగ్గర కూర్చోవడమే. మాట్లాడటం కూడా బాగా తగ్గించేశారు.

పదకొండేళ్ళ మా అబ్బాయికి అప్పుడే కొత్తగా మార్కెట్లోకి వచ్చిన ఒక గేమ్ కన్సోల్ కొన్నాం. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. బేస్‌మెంట్లో టీవీ కింద ఉన్న అలమారలో పెట్టాం. వాడు ఆడుతుంటే ఒకరోజు మా నాన్నగారు మెల్లగా మెట్లు దిగి వచ్చి కూర్చున్నారు. మర్నాడూ వచ్చారు. కార్ల పందెం ఆట అది. "ఒరేయ్, ఆ ఎర్ర కారు వాడు నిన్ను దాటేస్తున్నాడు" అని ఈయన. "చూడు తాతయ్యా, ఇప్పుడు చూడు" అని వాడు. పైన వంట చేసుకుంటూ మా ఆవిడ వినేది. "మామయ్యగారు నవ్వుతున్నారండీ" అని నాకు చెప్పింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కంట్రోలర్ పేచీ మొదలైంది. కారు జోరుగా పోతూ ఉండగా తెర మీద కంట్రోలర్ కనెక్షన్ తెగిపోయిందని వస్తుంది. ఆట ఆగిపోతుంది. బటన్ నొక్కితే మళ్ళీ వస్తుంది, కాసేపటికి మళ్ళీ పోతుంది. నేను చూసి "కింద పడేసి ఉంటావు" అన్నాను. వాడు "లేదు నాన్నా" అన్నాడు. "పడెయ్యకుండా ఊరికే ఎందుకు పాడవుతుంది? డబ్బులు చెట్లకి కాస్తున్నాయా?" అని గట్టిగానే కేకలేశాను. వాడు ఇంకేమీ మాట్లాడలేదు. వారం రోజులు ఆట బంద్ అన్నాను. ఆ వారం రోజులూ మా నాన్నగారు మళ్ళీ కిటికీ దగ్గరే కూర్చున్నారు.

మిగతాది తర్వాత చెబుతాను. ముందు ఈ కనెక్షన్ అనేది ఏమిటో, ఎందుకు తెగుతుందో చూద్దాం.

కంట్రోలర్‌కీ కన్సోల్‌కీ మధ్య వైరు లేదంటే, వాటి మధ్య నడుస్తున్నది రేడియో. 1948 డిసెంబరులో మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం మన పెద్దవాళ్ళకి వార్తలు వినిపించింది ఏ సూత్రంతోనో, ఇదీ అదే సూత్రంతో పనిచేస్తుంది. తేడా ఏమిటంటే, ఆకాశవాణి మాట్లాడేది, మనం వినేవాళ్ళం, అంతే. ఇక్కడ రెండూ మాట్లాడతాయి, రెండూ వింటాయి. "ఫలానా బటన్ నొక్కాడు" అని కంట్రోలర్ చెబుతుంది. "అందింది, ఇప్పుడు నువ్వు చేతిలో కాస్త వణుకు" అని కన్సోల్ చెబుతుంది. ఈ సంభాషణ సెకనుకి ఎన్నోసార్లు జరుగుతుంది. ఒకటి రెండు మాటలు అందకపోతే మళ్ళీ చెప్పుకుంటాయి. మనకి తెలియను కూడా తెలియదు. వరసగా కొంతసేపు ఏ మాటా అందకపోతే మాత్రం కన్సోల్ ఆశ వదులుకుని, కనెక్షన్ తెగిందని మనకి చెప్పేస్తుంది.

టీవీ రిమోట్ చాలావరకు ఇలాంటిది కాదు. అది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో పనిచేస్తుంది. అడ్డంగా దిండు పెడితే ఆగిపోతుంది. రేడియో అలా కాదు, దిండునీ, చెక్కనీ, మామూలు గోడనీ దాటుతుంది. అందుకే మనం "రేడియో కదా, ఎక్కడ పెడితే ఏం" అనుకుంటాం. అక్కడే వస్తుంది చిక్కు.

వైరు లేని కంట్రోలర్లు ఇంటింటికీ వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. 2002లో నింటెండో వాళ్ళు గేమ్‌క్యూబ్ కోసం వేవ్‌బర్డ్ అని ఒకటి తెచ్చారు. దాని మీద పదహారు చానెళ్ళ చిన్న చక్రం ఉండేది. ఒక చానెల్లో గొడవగా ఉంటే మనమే తిప్పి ఇంకోదానికి మారాలి, పాత రేడియోలో స్టేషన్ వెతుక్కున్నట్టు. 2005 నవంబరులో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ 360, 2006 నవంబరులో సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ 3, నింటెండో వాళ్ళ వీ వచ్చాయి. అప్పటినుంచి వైరు లేకపోవడం మామూలైపోయింది. ప్లేస్టేషన్ 3, వీ వాడింది బ్లూటూత్. ఎక్స్‌బాక్స్ 360 వాడింది మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతి. కానీ అన్నీ వాడుకున్నది ఒకటే జాగా. దాన్ని 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ అంటారు.

ఈ పట్టీ సంగతి తెలిస్తే సగం రోగం అర్థమైనట్టే. మన చిన్నప్పుడు రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్ళు, గుర్తుందా? వినడానికే లైసెన్సు! ఇక ప్రసారం చెయ్యడానికి ఎంత కట్టుదిట్టమో చెప్పక్కర్లేదు. అలాంటిది 1985లో ఇక్కడి ఎఫ్.సి.సి. వాళ్ళు కొన్ని పట్టీల్లో కొత్తరకం రేడియోలు తక్కువ శక్తితో, కొన్ని నియమాలకి లోబడి, లైసెన్సు లేకుండా పనిచేసుకోవచ్చని తలుపు తెరిచారు. అందులో ఈ 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి. ఇండియాలో కూడా 2005లో దీనికి లైసెన్సు అక్కర్లేదన్నారు. అంటే ఇది ఊరుమ్మడి చెరువు లాంటిది. ఎవరైనా దిగచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకే వైఫై ఇక్కడే దిగింది, బ్లూటూత్ ఇక్కడే దిగింది. కార్డ్‌లెస్ ఫోన్లు, పసిపిల్లల గదిలో పెట్టే మోనిటర్లు, వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు చాలావరకు ఇక్కడివే. చెరువు ఒకటే, జనం వందమంది. మైక్రోవేవ్ అవెన్ మాట్లాడేది కాకపోయినా, అదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కాబట్టి దానిలోంచి జారిన కాస్తా ఈ చెరువులోనే పడుతుంది.

ఇంత గుంపులో బ్లూటూత్ ఎలా బతుకుతోందంటే, అది ఒకచోట నిలబడదు. ఈ పట్టీని 79 చిన్న చానెళ్ళుగా చేసుకుని సెకనుకి 1600 సార్లు ఒకదాని మీంచి ఒకదాని మీదికి గెంతుతుంది. ఎప్పుడు ఎక్కడికి గెంతాలో కంట్రోలర్‌కీ కన్సోల్‌కీ మాత్రమే తెలుసు. ఇలా గెంతే ఆలోచన కొత్తదేమీ కాదు. హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి శత్రువుకి దొరక్కుండా టార్పెడోలని రేడియోతో నడిపించాలని ఇలాంటి పద్ధతికి 1942లో పేటెంటు తీసుకున్నారు. అందులో 88 ఫ్రీక్వెన్సీలు అనుకున్నారు, పియానోకి ఉండే మెట్లు 88 కాబట్టి. 2003 నుంచి బ్లూటూత్‌కి ఇంకో తెలివి కూడా వచ్చింది. ఏ చానెళ్ళలో రద్దీగా ఉందో కనిపెట్టి వాటిని వదిలేసి మిగతావాటి మీదే గెంతుతుంది.

కానీ వదిలెయ్యడానికి ఖాళీ ఉండాలి కదా. ఒక వైఫై రౌటరు ఒక్కటే బ్లూటూత్ చానెళ్ళలో సుమారు ఇరవై ఆక్రమిస్తుంది. మీ ఇంట్లో ఒకటి, పక్కింట్లో ఒకటి, పైన అపార్ట్‌మెంట్లో ఒకటి, మూడూ మూడు చోట్ల కూర్చుంటే ఇక మిగిలేది కొద్దిపాటి సందు. అందుకే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి సాయంత్రం, అందరూ ఇళ్ళకి చేరి సినిమాలు పెట్టుకునే వేళ ఈ బాధ ఎక్కువ.

ఇంకో దొంగ ఉన్నాడు. అతన్ని ఎవరూ అనుమానించరు. యు.ఎస్.బి. 3.0 రకం హార్డ్ డిస్కులు, వాటి కేబుళ్ళు. అది వైరు కదా, రేడియోతో ఏం పని అనుకుంటాం. కానీ వాటిలో డేటా పరుగెత్తే వేగం వల్ల పుట్టే చప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ పరుచుకుంటుందని 2012లో ఇంటెల్ కంపెనీ ఒక పత్రంలో కొలతలతో సహా చూపించింది. కన్సోల్ పక్కనే ఆటలు దాచుకునే డిస్కు పెట్టారంటే, చెవి పక్కన గ్రైండరు తిప్పుతూ వీధి చివర మనిషి మాట వినమన్నట్టే.

ఇది రద్దీ సంగతి. ఇక అడ్డాల సంగతి. ఈ తరంగం పొడుగు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే మన జానెడు కంటే తక్కువ. దీనికి ఇద్దరు శత్రువులు. ఒకటి లోహం, రెండోది నీళ్ళు. లోహం దాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. నీళ్ళు దాన్ని తాగేస్తాయి.

ఇప్పుడు మన మిషిగన్ బేస్‌మెంట్లు తల్చుకోండి. ఒక మూల ఫర్నెస్. దాన్నుంచి తలమీదుగా ఇల్లంతా పాకిన రేకు గొట్టాలు. పక్కనే వాటర్ హీటరు, పెద్ద నీళ్ళ ట్యాంకు. టీవీ వెనక లోహపు పలక. కొందరిళ్ళల్లో చేపల తొట్టి. అందంగా ఉంటుందని కన్సోల్ని తీసుకెళ్ళి అలమారలో, టీవీ వెనక, వైర్ల కుప్పలో దాస్తాం. దానికి చెవులు మూసి పిల్లవాడి మాట వినమంటాం.

నీళ్ళు అన్నాను కదా. గదిలో నీళ్ళున్న వస్తువుల్లో పెద్దది ఏమిటో చెప్పండి. మనిషి. మన ఒంట్లో సగానికి పైగా నీళ్ళే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మూడో కారణం జత తప్పడం. కొత్త కంట్రోలర్ని మొదటిసారి కన్సోల్‌తో కలపడాన్ని పెయిరింగ్ అంటారు. పెళ్ళి లాంటిదే అనుకోండి. ఒకరి చిరునామా ఒకరు రాసుకుంటారు. తర్వాత రోజూ బటన్ నొక్కగానే ఆ చిరునామాకే పోతుంది. చాలా కంట్రోలర్లు ఒక్క చిరునామానే గుర్తుపెట్టుకుంటాయి. మీవాడు శనివారం కంట్రోలర్ పట్టుకుని స్నేహితుడింటికి వెళ్ళి అక్కడ ఆడుకున్నాడంటే, అది అక్కడి చిరునామా రాసుకుని మీ ఇంటిది చెరిపేసుకుంటుంది. ఆదివారం ఇంటికొచ్చి బటన్ నొక్కితే దీపం మిణుకు మిణుకుమంటుంది తప్ప పలకదు. పాడైందనుకుంటాం. పాడవలేదు, మళ్ళీ జత కలిపితే చాలు.

ఆ జత కలిపేటప్పుడు ఇంకో తమాషా ఉంది. కొన్ని రకాలని యు.ఎస్.బి. కేబుల్‌తో కన్సోల్‌కి తగిలించి జత కలపాలి. ఇంట్లో డ్రాయరు నిండా కేబుళ్ళుంటాయి, ఏదో ఒకటి తీసి పెడతాం. వాటిలో కొన్ని ఛార్జింగుకి మాత్రమే పనికొచ్చేవి, లోపల డేటా తీగలే ఉండవు. బ్యాటరీ నిండుతుంది, జత మాత్రం కలవదు. కాబట్టి పెట్టెలో వచ్చిన కేబులే వాడండి.

కన్సోల్ కొత్తగా విడుదలైనప్పుడు ఇంకో సంగతి కూడా ఉంటుంది. లోపలి సాఫ్ట్‌వేర్ ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. మొదటి వారాల్లో వరసగా అప్‌డేట్లు వస్తాయి. కన్సోల్‌కే కాదు, కంట్రోలర్‌కీ విడిగా అప్‌డేట్ ఉంటుంది. చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇక మా ఇంటి కథ. వారం గడిచింది. ఆట మళ్ళీ మొదలైంది, తెగడమూ మొదలైంది. అప్పుడు నాకు సిగ్గేసింది. ఆఫీసులో ఇదే రోగం వస్తే ముందు మనుషుల్ని తిడతానా? కాగితం తీసి కొలతలు రాస్తాను. ఇంట్లో మాత్రం ముందు పిల్లవాణ్ణి తిట్టాను. సరే, ఒక నోటుబుక్కు తీసుకుని, ఎప్పుడు తెగింది, అప్పుడు ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి అని రాయడం మొదలుపెట్టాను. మైక్రోవేవ్‌కీ దీనికీ సంబంధం కనపడలేదు. కొత్త బ్యాటరీ ఛార్జి, అప్‌డేట్, మళ్ళీ జత కలపడం, అన్నీ చేశాను. లాభం లేదు.

ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ మా నాన్నగారిని ఆడమ్స్ రోడ్డు మీదున్న భారతీయ టెంపుల్‌కి తీసుకెళ్ళింది. నేనూ మావాడూ కూర్చుని గంటసేపు ఆడాం. ఒక్కసారి కూడా తెగలేదు. వాళ్ళు తిరిగొచ్చారు. మా నాన్నగారు కిందికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. పది నిమిషాల్లో తెగింది.

అప్పుడు చూశాను. ఆయనకి చూపు సరిగ్గా ఆనదని మావాడే ఆ రిక్లైనర్ కుర్చీని టీవీకి బాగా దగ్గరగా జరిపి పెట్టాడట. వాడు వెనక సోఫాలో కూర్చుంటాడు. అంటే అలమారలో ఉన్న కన్సోల్‌కీ, వాడి చేతిలో కంట్రోలర్‌కీ సరిగ్గా మధ్యన ఇనప చట్రం ఉన్న కుర్చీ, అందులో మనిషి. దానికి తోడు కన్సోల్ పక్కనే నేనే తగిలించిన హార్డ్ డిస్కు, పై అరలో రౌటరు. విడివిడిగా ఏ ఒక్కటీ పెద్ద తప్పు కాదు. అన్నీ కలిసేసరికి సంభాషణ తెగుతోంది.

మావాణ్ణి పక్కకి పిలిచి అడిగాను. "తాతయ్య కూర్చున్నప్పుడే పోతోంది, నువ్వు గమనించావా?" అని. వాడు నేలచూపులు చూస్తూ "నాకు తెలుసు నాన్నా" అన్నాడు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? తిట్లు తిన్నావు, వారం ఆట పోగొట్టుకున్నావు" అంటే, "చెబితే నువ్వు తాతయ్యని అక్కణ్ణుంచి లేవమంటావు. అప్పుడు తాతయ్య మళ్ళీ కిందికి రాడు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. పాతికేళ్ళుగా యాంటెన్నాలతో పనిచేస్తున్నాను. నాకు కనపడనిది వాడికి కనపడింది, నేను అనబోయే మాట కూడా ముందే వాడికి తెలుసు. "తప్పు నాదేరా" అని చెప్పాను. అంతకంటే చెప్పడానికి ఏముంది?

కుర్చీని అంగుళం కూడా జరపలేదు. కన్సోల్ని అలమారలోంచి తీసి టీవీ పక్కన ఎత్తుగా ఒక బల్ల మీద పెట్టాం, మా నాన్నగారి తల కంటే పైకి వచ్చేలాగా. హార్డ్ డిస్కుకి పొడుగు కేబుల్ పెట్టి దూరంగా జరిపాం. రౌటరుని గదికి అవతలి గోడ దగ్గరికి మార్చి, కన్సోల్‌కి ఇంటర్నెట్ వైరు ద్వారా ఇచ్చాం. ఖర్చు రెండు కేబుళ్ళు. ఆ రోజు నుంచి తెగలేదు.

ఈ సర్దుబాటంతా ఎందుకని మా నాన్నగారు అడిగితే, ఆయన నొచ్చుకుంటారేమోనని భయపడుతూనే చెప్పాను. ఆయన పకపకా నవ్వారు. "మా రోజుల్లో సిలోన్ రేడియోలో తెలుగు పాటలు పెట్టుకునేవాళ్ళంరా. నేను ట్రాన్సిస్టర్ పక్కన నిలబడితే పాట వచ్చేది, పక్కకి జరిగితే గరగరా అనేది. పాట అయ్యేదాకా కదలద్దని మీ అమ్మ నన్ను అక్కడే నిలబెట్టేది" అన్నారు. మా అమ్మ పోయాక ఆవిడ పేరెత్తి ఆయన నవ్వడం అదే మొదటిసారి.

అయితే ఎప్పుడూ తప్పు గదిదేనా? కాదు. అది కూడా నిజాయితీగా చెప్పాలి. 2017 మార్చి 3న నింటెండో స్విచ్ విడుదలైంది. విడుదలకి ముందే సమీక్షలు రాసేవాళ్ళు ఎడమచేతి జాయ్‌కాన్ కంట్రోలర్ కనెక్షన్ పోతోందని రాశారు. విడుదలయ్యాక మామూలు జనమూ అదే అన్నారు. మొదట కంపెనీ వాళ్ళు గది జాగ్రత్తలు చెప్పారు. కన్సోల్ని టీవీ వెనక పెట్టొద్దు, చేపల తొట్టి దగ్గర పెట్టొద్దు, లోహపు వస్తువు కింద పెట్టొద్దు, వైర్ల కుప్పకి ఆనించొద్దు, ఇతర వైర్‌లెస్ పరికరాలకి మూడు నాలుగడుగుల దూరంలో ఉంచండి అని. అవన్నీ సరైన మాటలే. కానీ విప్పి చూసినవాళ్ళు ఎడమదాని యాంటెన్నా సర్క్యూట్ బోర్డు మీదే ఉందనీ, ఆడేవాడి చెయ్యే దానికి అడ్డం పడుతోందనీ గమనించారు. ఆ నెలాఖరులోగా కంపెనీ కూడా, తయారీలో వచ్చిన తేడా వల్ల కొద్ది సంఖ్యలో ఎడమచేతి కంట్రోలర్లకి ఈ ఇబ్బంది ఉందని ఒప్పుకుని, బాగుచేసి ఇచ్చింది. బాగై వచ్చినదాన్ని ఒక విలేఖరి విప్పి చూస్తే లోపల కనపడింది చిన్న నురుగు ముక్క, విద్యుత్తు ప్రవహించే రకం స్పాంజి. అంత చిన్న ముక్కతో సరిపోయింది! కాబట్టి "మీ గదే బాగాలేదు" అని కంపెనీవాళ్ళు అన్నా, "మీ వస్తువే బాగాలేదు" అని మనం అన్నా, పరీక్షించి చూడందే రెండూ ఊహలే.

ఆ పరీక్ష ఎలా చెయ్యాలో చెబుతాను. కాగితం మీద రాసుకోండి.

మొదటిది, కంట్రోలర్ బ్యాటరీ పూర్తిగా నింపండి. కన్సోల్‌కీ కంట్రోలర్‌కీ అప్‌డేట్లు పెట్టండి. పాత జత చెరిపేసి మళ్ళీ కలపండి.

రెండోది, కన్సోల్ని అలమారలోంచి బయటికి తీసి ఖాళీగా ఉన్న బల్ల మీద పెట్టండి. పక్కన డిస్కులూ, హెడ్‌ఫోన్లూ ఏవీ లేకుండా చూడండి. వైఫై రౌటరుని ఓ పదిహేను నిమిషాలు ఆపెయ్యండి. మూడు నాలుగు అడుగుల దూరంలో, మధ్యలో ఎవరూ లేకుండా కూర్చుని ఆడండి. ఇంటర్నెట్ అక్కర్లేని ఆట ఎంచుకోండి.

మూడోది, అలా ఆడితే తెగకపోతే తప్పు గదిదే. ఆపినవాటిని ఒక్కొక్కటే మళ్ళీ పెట్టుకుంటూ రండి. ఏది పెట్టాక తెగిందో అదే దొంగ. అన్నీ ఒకేసారి పెడితే ఎవరు దొంగో తెలియదు.

నాలుగోది, అంత దగ్గర కూర్చున్నా తెగుతుంటే, రెండో కంట్రోలర్ ఉంటే అదే చోట దాన్ని వాడి చూడండి. రెండోది బాగా పనిచేస్తే మొదటి కంట్రోలర్‌లో లోపం. రెండూ తెగితే అనుమానం కన్సోల్ మీదికి పోతుంది. ఏదైనా సరే, రసీదు తీసుకుని వారంటీలో పంపండి. మీరు విప్పద్దు. విప్పితే వారంటీకి చిక్కు రావచ్చు. ఫలానా పరీక్ష చేశాను, ఫలితం ఇది అని వాళ్ళకి చెప్పండి. అప్పుడు వాళ్ళు మీకు మళ్ళీ చేపల తొట్టి కథ చెప్పరు.

గది రోగమైతే మందులు తెలిసిపోయాయి కదా. కన్సోల్ని బయటికి, కొంచెం ఎత్తుకి తీసుకురండి. ఫోన్లనీ, లాప్‌టాప్‌లనీ, టీవీనీ వైఫైలో 5 గిగాహెర్ట్జ్ వైపుకి మార్చండి. దాదాపు ఈనాటి రౌటర్లన్నిటిలో అది ఉంటుంది. అవి పక్క చెరువుకి పోతే ఈ చెరువు ఖాళీ అవుతుంది.

మరో మాట. కంట్రోలర్ వదిలేసినా తెర మీద బొమ్మ దానంతటదే ఒక పక్కకి నడుస్తోందంటే అది కనెక్షన్ జబ్బు కాదు. ఆ పుల్ల కింద ఉండే భాగాలు అరిగి అలా అవుతుంది. దానికి ఈ వైద్యం పనిచెయ్యదు.

పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. "మైక్రోవేవ్ అవెన్ ఫ్రీక్వెన్సీ అంటున్నావు, మరి పిల్లలు దాన్ని చేత్తో పట్టుకుంటే ప్రమాదం కాదా?" అని. ఫ్రీక్వెన్సీ దగ్గరదే, కానీ శక్తి వేరు. అవెన్ పెట్టెలో తిరిగేది సుమారు వెయ్యి వాట్లు. పది మీటర్ల దూరానికి సరిపోయే రకం బ్లూటూత్ పంపేది ఎక్కువలో ఎక్కువ రెండున్నర మిల్లీవాట్లు. అంటే నాలుగు లక్షల వంతుల్లో ఒక వంతు. దాంతో చెంచాడు నీళ్ళు కూడా వెచ్చబడవు. పిల్లల కళ్ళ గురించీ, నిద్ర గురించీ, హోంవర్కు గురించీ బెంగపడితే దానికి అర్థముంది. దీని గురించి అక్కర్లేదు.

ఈ పండగల్లో చాలా ఇళ్ళకి కొత్త కన్సోళ్ళు వస్తాయి. మొదటి రోజే కంట్రోలర్ తెగితే, తిట్టడానికి నోరు తెరిచేముందు ఒకసారి పిల్లవాడి పక్కన కూర్చుని "ఎప్పుడు పోతోందిరా?" అని అడగండి. వాళ్ళు రోజూ చూస్తున్నారు కాబట్టి చాలాసార్లు వాళ్ళకే తెలుసు. మా నాన్నగారు ఇప్పుడు తానూ ఒక కంట్రోలర్ పట్టుకుంటున్నారు. ఆయన కారు ఇంతవరకు ఒక్క పందెమూ పూర్తిచెయ్యలేదు, ప్రతిసారీ గోడకే గుద్దుతుంది. అది మాత్రం కనెక్షన్ లోపం కాదని మావాడి తీర్పు.

మీ ఇంట్లో ఇలాంటి చిక్కులేవైనా ఉంటే మన కార్యక్రమానికి రాయండి. వీలైనంతవరకు వచ్చే వారం జవాబు చెబుతాను. అంతవరకు సెలవు. నమస్కారం.